అమ్మతో అన్నాచెల్లెళ్ళ గట్టుకి

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఒక డిసెంబరు ఆదివారం మా స్టాఫ్ ఐదుగురం వీపులకి సంచులు తగిలించుకుని అంతర్వేది వెళ్దామనుకున్నాం. పాలకొల్లు దాకా బస్సు. అక్కణ్ణించి నరసాపురం దాకా కాలువ గట్టు వెంట నడక. పంటు మీద గోదావరి దాటితే అంతర్వేది గుడి, ఆ పైన ఇసుకలో నడిస్తే నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు. మా నాయకుడు లెక్కల మాస్టారు. ప్రతి మజిలీకీ టైము వేసి తలా ఒక కాగితం పంచిపెట్టారు.

"మగవాళ్ళతో కలిసి ఊళ్ళు పట్టుకు తిరుగుతావా? మీ అమ్మని తోడు తీసుకెళ్తే వెళ్ళు" అన్నారు నాన్నగారు. అమ్మ ఎలాగూ కదలదని ఆయన ధీమా. నేనూ అలాగే అనుకుని ముఖం మాడ్చుకున్నాను. అమ్మ మాత్రం ఆ మాటని కింద పడనివ్వలేదు. తమ్ముడి పాత స్కూలు సంచి దులిపి, ఉతికి, దండెం మీద ఆరేసింది.

"పుట్టినప్పట్నించీ ఈ గోదారి నీళ్ళే తాగుతున్నానే. అది సముద్రంలో ఎలా కలుస్తుందో ఒక్కసారి కళ్ళారా చూడాలి" అంది. యాభై ఏళ్ళ మనిషి తనకంటూ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు.

అయితే మా దారి అమ్మ పుట్టింటి ఊరు మీదుగానే పోతుంది. ఊరి పక్కనించి వెళ్తూ గడప తొక్కకపోతే వదినగారు ఏమనుకుంటారోనని, నాతో చెప్పకుండా ఓ కార్డు రాసి పడేసింది: "ఆదివారం మన ఊరి గట్టు మీదుగా నడిచి వెళ్తున్నాం. మొత్తం ఆరుగురం. ఇంటికి రావడం పడదు. ఏమీ అనుకోవద్దు." మా జిల్లాల్లో ఇలాంటి ఉత్తరం రాయడమంటే, వచ్చి దారి కాయమని చెప్పడమే.

పాలకొల్లులో బస్సు దిగి గంట నడిచామో లేదో, కాలువ గట్టు మీద షామియానా కనబడింది. దాని కింద బల్లలు, అరిటాకులు, పొయ్యి మీద మూకుడు. మావయ్య కండువా సర్దుకుంటూ మాస్టారికి ఎదురొచ్చాడు.

"ఇంటికి రావడం పడదని రాశారు కదండీ. అందుకని ఇంటినే ఇక్కడికి తెచ్చేశామండి. కాళ్ళు కడుక్కోండి."

"ఇప్పుడే ఇడ్లీ తిన్నామండి. ఇంకా తొమ్మిదిన్నరేనండి" అన్నారు మాస్టారు.

"ఇడ్లీ కూడా ఓ తిండేనాండీ?"

కందా బచ్చలి కూర, ముద్దపప్పు, ఆవకాయ, పులిహోర, వేడివేడి గారెలు. పెరుగు దాకా వచ్చాం, గండం గడిచిందనుకుంటే, అత్తయ్య మళ్ళీ పులిహోర బేసిన్ పట్టుకుని మొదటి ఆకు దగ్గరికి వచ్చేసింది. మాస్టారు రెండు వాయిల వరకూ "వద్దండీ" అన్నారు. మూడో వాయికి ఆయనే ఆకు ముందుకి జరిపారు. ఆ తర్వాత చాపలు పరిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, మావాళ్ళంతా అప్పటికే గుర్రు పెడుతున్నారు.

లేచి బయల్దేరేసరికి పన్నెండు దాటింది. అత్తయ్య అందరి సంచుల్లోనూ సున్నుండలూ కొబ్బరికాయలూ కుక్కింది. పొట్ట బరువు, వీపు బరువు. పావుగంట నడవడం, కూర్చోవడం. నరసాపురం రేవు చేరేసరికి మూడు దాటింది. పంటు దాటి, ఆటో ఎక్కి అంతర్వేది గుడి ముందు దిగేసరికి నాలుగున్నర.

మాస్టారు వాచీ చూసుకుని తల అడ్డంగా ఊపారు. "ఆరున్నరకి ఆఖరి పంటండి. గట్టుకి వెళ్తే అది అందదు. దర్శనం చేసుకుని వెనక్కి తిరిగిపోదాం." తక్కిన ముగ్గురూ హమ్మయ్య అన్నట్టు అరుగు మీద చతికిలబడ్డారు.

"అంతా నా కార్డు వల్లే" అంది అమ్మ.

"మరి రాయమని ఎవరు చెప్పారు?" అని కసిరేశాను. అందరి ముందూ అలా అన్నందుకు వెంటనే సిగ్గేసింది. అమ్మ సంచి వీపు మీంచి తీసి మాస్టారి ఒళ్ళో పెట్టింది.

"ఇది కాస్త చూస్తూ ఉండండి మాస్టారూ. నేను వెళ్ళొస్తాను."

చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఇసుకలో చరచరా నడిచిపోయింది. నేను వెనకాల పరుగెత్తాను. పెద్దావిణ్ణి ఒంటరిగా వదిలేస్తే ఏం బాగుంటుందని మిగిలినవాళ్ళూ లేచారు. రెండు సంచులు మోస్తూ మాస్టారు అందరికన్నా వెనక.

గట్టు దగ్గర ఒక పక్క బురద రంగు గోదావరి, ఇంకో పక్క నీలం నీళ్ళు, మధ్యలో నురగ గీత. అమ్మ మోకాలి లోతు వరకూ దిగి నిలబడిపోయింది. పొద్దు వాలుతోంది. ఎంతసేపటికీ వెనక్కి తిరగదు.

"అమ్మా, పంటు వెళ్ళిపోతుంది" అని అరిచాను.

"వెళ్ళనియ్యి" అంది తిరిగి చూడకుండానే. "మీ చిన్నప్పుడు రెండుసార్లు వచ్చాం అంతర్వేది. రెండుసార్లూ మీరంతా ఇది చూసొచ్చేదాకా గుడి దగ్గర సంచులకి కాపలా కూర్చున్నాను. ఇవాళ నువ్వు కూర్చో."

ఆ రెండుసార్లూ నేను నాన్నగారి చెయ్యి పట్టుకుని ఈ నీళ్ళలోనే గెంతాను. అమ్మ ఏదని అడిగిన గుర్తు లేదు. మాస్టారి చేతిలోంచి ఆవిడ సంచి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చున్నాను.