బాపు చెవి ఆనించిన లారీ

ముందే చెబుతున్నా, నాది కాస్త పెంచి చెప్పే నోరు. మొన్న లారీ పొగ వాసన తగలగానే మా బాపు, అంటే నాన్న, గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు కొండగట్టు ఎక్కలేక మా లారీ రొప్పుతోందని, బలం పెంచమని బాపు దాన్ని పంపు మేస్త్రీ ఖాదర్ చాచాకు చూపించాడు. చాచా డీజిల్ పంపు సీలు తెంపి డీజిల్ ఎక్కువ పారేలా స్క్రూ తిప్పాడు. లారీ గుప్పున నల్లపొగ కక్కింది. ఆ పొగకు చొప్పదండి ఊరంతా పట్టపగలే దీపాలు పెట్టుకుంది. బాపు బానెట్‌కు చెవి ఆనించి, "జర తగ్గియ్యి భాయ్, దానికి ఆయాసమొస్తున్నది" అన్నాడు.

నా కడుపు మండిపోయింది. వారం నుంచి దగ్గుతున్నది నేను.

"నాక్గూడ తిప్పు చాచా, బలమొస్తది" అన్నాను.

"నీది దేవుడే ఫుల్లుగ తిప్పి పంపిండు బేటా" అన్నాడు చాచా.

బాపు నవ్వి, నన్ను దగ్గరికి లాక్కుని నా ఎదకూ చెవి ఆనించాడు.

దీపాల సంగతి నిజమే. నా ఎదకు చెవి ఆనించాడన్నదే కల్పన.