ఫ్లాటెన్ చేయని శుభలేఖ

ఆ రోజుల్లో బందరు మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. సముద్రపు గాలి వీధుల్లోకి వచ్చేసరికి ఊరికి కునుకు పట్టేది, నాకు ఊహలు పట్టేవి. డిగ్రీ అయి ఓ డీటీపీ సెంటర్లో కొత్తగా చేరాను. పీడీఎఫ్‌లో గళ్లు పెట్టి, ఎవరి పేర్లు వాళ్లే టైపు చేసుకునేలా శుభలేఖలు తయారుచేయడం నేనే కనిపెట్టిన విద్య (అనుకునేవాణ్ణి). అంతా ఖాయమయ్యాక దాన్ని ఫ్లాటెన్ చేయాలి. అంటే గళ్లు పోయి పేర్లు పేజీకి అతుక్కుపోతాయి, ఇక ఎవరూ మార్చలేరు. ఊరంతా ‘ఫైనల్ బాబాయి’ అనే మా ఓనరు రోజూ, "ఫ్లాటెన్ చేసేశావా అబ్బాయ్?" అని అడిగేవారు.

ఒక్క శుభలేఖని మాత్రం చేయలేదు. కారణం ఆ పెళ్లికూతురు. ఆహ్వానించేవాళ్లలో మొదటి పేరు తనదే ఉండాలని బందరులో ఆమె పెదనాన్న, కాదు తనదేనని గుడివాడలో మేనమామ పట్టుబట్టారు. ఇక్కడ పెదనాన్న పైకెక్కితే, అక్కడ నెట్ సెంటర్లో మేనమామ ఆయన్ని కిందికి దింపి ఫైలు వెనక్కి పంపేవాడు. మళ్లీ మార్పించడానికి ఆ అమ్మాయే వచ్చేది. "మావయ్య పెళ్లికే రానంటున్నాడండీ. ఆయన రాకపోతే నన్ను బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేదెవరు?" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను ధైర్యం చెబుతూనే, ఈ ఫైలు ఎప్పటికీ తెమలకుండా ఉంటే బావుణ్ణని కలలు కనేవాణ్ణి. (దిద్దుతున్నది ఆమె పెళ్లి శుభలేఖ! సిగ్గుండక్కర్లా?)

చివరికి ముహూర్తం తరుముకొచ్చింది. అదే పరధ్యానంలో ఫైలు ఫ్లాటెన్ చేయకుండా అలాగే ప్రెస్సుకి పంపేశాను. వాళ్ల కంప్యూటర్ గళ్లలోని పేర్లను వదిలేసింది. గళ్లలో కాక పేజీ మీదే ఉన్న వధూవరుల పేర్లు నిక్షేపంగా ఉన్నాయి, ఆహ్వానించేవాళ్ల చోటు మాత్రం తెల్లగా ఖాళీ. ఐదొందల కార్డులు! "కొంప ముంచావు కదరా" అని బాబాయి కుర్చీలో కూలబడ్డారు.

ఆ అమ్మాయి మాత్రం కార్డులు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, సగం పెదనాన్నకి, సగం మేనమామకి పంపింది. "మీ పేరు మీరే రాసి పంచుకోండి" అని కబురు పెట్టింది. బందరులో పెదనాన్న మొదటివాడయ్యాడు, గుడివాడలో మేనమామ. ఒకరి కార్డు ఒకరు అడగనే లేదు.

పెళ్లిలో మేనమామ బుట్ట ఎత్తుకుని ఠీవిగా వచ్చాడు. నా పక్కనుంచి వెళ్తుంటే ఆ అమ్మాయి తొంగి చూసి, "చాలా థాంక్స్ అన్నయ్యా" అంది. ఆ పూట విస్తట్లో ఏం వడ్డించారో ఇప్పటికీ గుర్తురాదు. తలుచుకుంటే నాలోని అప్పటి కుర్రాడి మీద నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, "పోన్లేరా" అని ఇంకో గారె వేయించాలనీ ఉంటుంది.