డెల్మా చేతి నిలకడ

డెల్మా రౌంట్రీ కొత్త రైఫిల్ కొన్నదన్న కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. ఆమె ట్రక్కు దిగేసరికి మరిది లామార్ పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. సలహా ఇవ్వడానికి లామార్‌కి పిలుపు అక్కర్లేదు. తుపాకుల విషయమైతే అసలే అక్కర్లేదు.

"ఏది వదినా, ఏది చూడనీ? సెమీ ఆటోమేటిక్కేనా, లేక ఆ కొట్టువాడు ఏదో పాతది అంటగట్టాడా?"

"చూద్దువుగానిలే. ముందు ఆ బూట్లు కుర్చీ మీంచి దించు. నిన్ననే కడిగి చచ్చాను."

తుపాకీ కొనే సరదా డెల్మాకి ఏనాడూ లేదు. కొనిపించినవి పందులు. ఏటి పక్క బురద అడవిలోంచి వస్తాయి, ఇరవై, పాతిక. విత్తిన వేరుశెనగ సాలు పట్టుకుని, ఎవరో గీత గీసి చూపించినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కొక్క గింజా ఏరుకు తింటాయి. ఆ మే నెలలో రెండుసార్లు విత్తింది, రెండుసార్లూ తినిపోయాయి. బోను పెడితే మొదటి వారం నాలుగు పడ్డాయి. మిగిలినవి బోను చుట్టూ తిరిగి, దాని పక్కనే పొర్లి, పొలంలోకి పోయాయి. మూడోసారి గురువారం విత్తింది. ఇది కూడా పోతే ఈ ఏటికి ఇంక విత్తే అదను లేదు.

అదను పోయిన పొలాన్ని కౌలుకి అడగడానికి, కలప కోసం పైన్ చెట్లు పెంచే కంపెనీ మనిషి ఒకడు సిద్ధంగా ఉన్నాడు. సోమవారం పదింటికి కాగితాలతో వస్తానన్నాడు. సంతకం పెడితే ఆ అరవై ఎకరాలూ ముప్ఫై ఏళ్లపాటు పైన్ చెట్లవే. డెల్మాకి అరవై ఆరు నిండాయి. ఆ నేలలో మళ్లీ తాను విత్తనం వేసేది లేదని వేరే చెప్పాలా?

అయినా ఆమె అసలు భయం పందుల గురించి కాదు. తన చేతుల గురించి.

ఆ చేతులు ఆ చుట్టుపక్కల పేరుపడ్డవి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు మట్టిరోడ్ల మీద బడి బస్సు నడిపాయి, ఒక్క బిడ్డకీ గీటు పడనివ్వకుండా. భర్త వెండెల్ పోయాక తొమ్మిదేళ్లుగా ఒంటరిగా ట్రాక్టరు తోలుతున్నాయి. చర్చిలో ఎవరి పుట్టినరోజైనా, ఎవరి పెళ్లైనా కేకు మీద క్రీముతో పేరు రాసేది డెల్మానే. ఆమె రాసిన అక్షరం అచ్చు వేసినట్టు ఉండేది. దాన్ని కోయాలంటే జనానికి మనసొప్పేది కాదు.

ఆమె తండ్రి ఏసా చేతులు కూడా ఒకప్పుడు అలాంటివే. అరవై అయిదో ఏట వణుకు మొదలైంది. ముందు కాఫీ సాసర్లో ఒలికింది, తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. ఒకరోజు తన సొంత తుపాకీలో తూటా పెట్టడానికి పావుగంట తంటాలు పడి, చివరికి దాన్ని కూతురి చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఆ పదకొండేళ్లూ అన్నం తినిపించింది డెల్మానే.

ఈ ఫిబ్రవరి నుంచి డెల్మా కప్పు కూడా సాసర్ మీద టకటక మంటోంది.

మార్చిలో డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన వేళ్లు ఆడించమన్నాడు, నడవమన్నాడు, కాగితం మీద సుడులు గీయమన్నాడు. చివరికి నవ్వి, "మీ నాన్నగారి జబ్బు కాదమ్మా ఇది. నిద్ర తక్కువా, కాఫీ ఎక్కువా. అంతే" అన్నాడు. మొదటిసారి వెళ్లినప్పుడు నాన్నకీ ఇంకో డాక్టరు అచ్చం ఇలాగే చెప్పాడు. అందుకని డెల్మా ఆ మాట నమ్మలేదు. ఏప్రిల్లో తోడికోడలు ఇమోజీన్, లామార్ అరవయ్యో పుట్టినరోజు కేకు మీద రాసిపెట్టమని ముందుగానే అడిగితే, "కళ్లు సరిగా ఆనడం లేదే, కొట్టులో రాయించు" అని తప్పించుకుంది. ఇమోజీన్ ముందు ఆమె మొహంలోకి, తర్వాత ఆమె చేతులవైపు చూసింది.

ఎవరికీ చెప్పకుండా డెల్మా తనలో తాను ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ తుపాకీతో గురి కుదిరితే పొలం ఉంచుకుంటుంది. కుదరకపోతే సంతకం పెట్టేస్తుంది. వణికే చేతులతో ట్రాక్టరు తోలి ఎవరి మీదికి ఎక్కించాలి?

వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి లామార్ పని మొదలుపెట్టాడు. తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూశాడు. అంతవరకు బుద్ధిగానే ఉన్నాడు. తర్వాత పెట్టెలోంచి సామాను ఒక్కొక్కటే బయటికి రాసాగింది. దూరం దగ్గరగా చూపే స్కోపు, భుజానికి పట్టీ, గొట్టం కింద నిలబెట్టే ముందు కాళ్లు, టార్చిలైటు, పట్టుకోవడానికి పిడి, స్కోపు పాడైతే గురి చూసుకోవడానికి వెనకవైపు మడతపెట్టే ఇంకో సైటు.

"పెళ్లికూతురిక్కూడా ఇన్ని నగలు పెట్టరు కదయ్యా. నేను పందుల మీదికి పోతున్నాను, యుద్ధానికి కాదు."

"నీకు తెలీదొదినా, ఊరుకో. ఏసా మామ తుపాకీలా ఒక్కో తూటా పెట్టి, గడియ తీసినట్టు బోల్టు లాగి, మళ్లీ పెట్టి, మళ్లీ లాగీ... నువ్వు ఒకదాన్ని కొట్టేలోపు మిగతా పంతొమ్మిదీ భోంచేసి చేతులు కడుక్కుంటాయి. దీంతో అయితే ట్రిగ్గర్ నొక్కడమే నీ పని."

వెనక మడత సైటు బిగించేసరికి స్కోపుకి చోటు చాలలేదు. లామార్ స్కోపుని కొంచెం ముందుకు జరిపి బిగించాడు. గొట్టంలోంచి ఒక కన్నూ, స్కోపులోంచి ఒక కన్నూ పెట్టి చూసి, "అద్దంలా కుదిరింది" అని తన వీపు తానే చరుచుకున్నాడు.

మధ్యాహ్నం కొట్టం వెనక మట్టి దిబ్బకి కాగితం కొట్టి, వంద గజాల దూరాన బల్ల వేశారు. మార్చిలో భుజానికి ఆపరేషన్ అయింది కనక లామార్ కాల్చలేడు. కాల్చలేనివాడికి నోరు ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. డెల్మా తుపాకీ ముందు భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, అయిదు తూటాలు కాల్చింది.

కాగితం కోడి కెలికినట్టుంది. ఒకటి పైన ఎడమకి, ఒకటి కింద కుడికి, ఒకటి అంచున. ఒకటైతే కాగితంలోనే లేదు. లామార్ స్కోపు మరలు తిప్పాడు, మళ్లీ కాల్చమన్నాడు. అలా ఆరుసార్లు. ప్రతిసారీ కోడి ఇంకో చోట కెలికింది.

లామార్ టోపీ తీశాడు. తర్వాత ఎన్నడూ లేని మెత్తని గొంతుతో, "పోనీలే వదినా. వయసు ఎవర్ని వదిలింది? నా భుజం పోయింది, నీ..." అని ఆపేశాడు.

ఎగతాళి చేసుంటే బాగుండునని డెల్మాకి అనిపించింది. లామార్ మెత్తగా మాట్లాడాడంటే విషయం నిజంగానే చేయి దాటిపోయిందన్నమాట.

ఆదివారం చర్చిలో పాస్టరు ఏం చెప్పాడో ఆమె చెవికెక్కలేదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. గదిలోకి వెళ్లి, ముందు బూట్లు విప్పుదామనుకుంది, విప్పలేదు. బీరువా పై అరలో దుప్పటిలో చుట్టి నాన్న తుపాకీ ఉంది. వెండెల్ బతికుండగా ఏడాదికోసారి తుడిచి నూనె పెట్టేవాడు. ఆ తర్వాత ఆ పని తనే చేస్తోంది గానీ, దాంతో కాల్చి చాలా ఏళ్లయింది. దానికి స్కోపు లేదు, పట్టీ లేదు, దారం కట్టడానికి కూడా చోటు లేదు. గురి చూడ్డానికి గొట్టం మీద ఒక ఇనప గింజ, వెనక ఒక గాడి, అంతే.

'రేపు ఎలాగూ సంతకం పెట్టేదే. నిజం తెలుసుకునే పెడదాం' అనుకుని దాన్ని తీసుకుని కొట్టం వెనక్కి నడిచింది.

జేబులోంచి తూటా తీసింది. నాన్న పావుగంట తంటాలు పడింది ఇక్కడే. తూటా ఒక్కసారికే లోపలికి జారింది. డెల్మా దానివంకే కాసేపు చూసింది. తర్వాత బోల్టు మూసి కాల్చింది. మళ్లీ పెట్టింది, మళ్లీ కాల్చింది. అయిదూ అయ్యాక తుపాకీ బల్ల మీద పెట్టి, వంద గజాలూ తల దించుకుని నడిచింది.

కాగితం మీద అయిదు చిల్లులు. అరచేయి ఆనిస్తే అయిదూ కనబడకుండా పోయాయి. చేయి తీసి చూసింది, మళ్లీ ఆనించింది, మళ్లీ తీసింది. అక్కడే దిబ్బకి చేరగిలబడి బావురుమంది. డాక్టరు చెప్తే నమ్మని మనిషి అయిదు చిల్లులు చెప్తే నమ్మింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఏడుపు అయ్యాక ఆకలేసింది. ఆకలితో పాటు ఒళ్లు మండింది కూడా.

"తప్పు నా చేతులది కాకపోతే మరి ఎవరిది?"

కొత్త తుపాకీ ఖాళీ చేసి, ఇసుక సంచుల మధ్య కదలకుండా పెట్టి, స్కోపులోంచి కంచె గుంజని చూసింది. బస్సు ఇంజను మొరాయించినప్పుడు ముందు ఏది వదులుగా ఉందో చూడాలని ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగం నేర్పింది. ఒక్కొక్కటే పట్టుకుని ఊపింది. గొట్టం చుట్టూ ఉండే తొడుగుని బొటనవేలితో నొక్కగానే స్కోపులోని గీత గుంజని వదిలేసి పక్కనున్న నీళ్ల తొట్టి మీదికి పోయింది. వేలు తీస్తే మళ్లీ గుంజ మీదికి వచ్చింది.

అప్పుడు వంగి కింద చూసింది. స్కోపుని తుపాకీకి పట్టి ఉంచేవి రెండు కాళ్లు. వెనకది తుపాకీ గట్టి మొండెం మీద ఉంది. ముందుది ఆ తొడుగు మీద ఉంది. మడత సైటు చోటు తినేస్తే లామార్ ముందుకు జరిపిన కాలు అది.

సాయంత్రం ఫోను చేస్తే లామార్, ఇమోజీన్ మొగుడూ పెళ్లాలిద్దరూ దిగారు. నాన్న తుపాకీతో కొట్టిన కాగితం బల్ల మీద పెట్టి డెల్మా చేతులు కట్టుకుని కూర్చుంది.

"లామారూ, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏమవుతాడు?"

"ఏట్లో పడతాడు. ఎందుకొదినా?"

"నీ స్కోపు నిన్న ఆరుసార్లు పడింది. ఒక కాలు మొండెం మీద, ఒక కాలు తొడుగు మీద పెట్టావు. నేను సంచి మీద ఆనించినప్పుడల్లా తొడుగు కదులుతోంది, అదీ కదులుతోంది. ఇలా రా, నొక్కి చూడు."

లామార్ నొక్కి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది... ఒక వెంట్రుక వాసి తేడా అంతే కదొదినా..."

"ఇక్కడ వెంట్రుక వాసైతే అక్కడ అడుగు పడుతుంది. నలభై ఏళ్లుగా ఊరందరికీ తుపాకులు బిగిస్తున్నావు కదా. ఎన్ని జింకలు నీకు దండం పెట్టుకున్నాయో."

ఇమోజీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. "మా ఇంట్లో అల్మారా కూడా ఈయనే బిగించాడక్కా. గిన్నెలు వాటంతటవే దిగొస్తాయి!"

"ఆ అల్మారా గోడ తప్పు," అన్నాడు లామార్.

డెల్మా మడత సైటు పీకి అతని చేతిలో పెట్టింది. టార్చి, పిడి, ముందు కాళ్లు కూడా అతని పెట్టెలోకే పోయాయి. స్కోపుని వెనక్కి జరిపి రెండు కాళ్లూ మొండెం మీదికే తెచ్చి, విత్తే యంత్రం మరలు బిగించే పద్ధతిలో తలా కొంచెం, తలా కొంచెం బిగించింది. పొద్దు వాలకముందే మూడు తూటాలు కాల్చింది. మూడూ ఒక్కచోటే, కాకపోతే కొంచెం ఎడమకి. మర తిప్పి మళ్లీ మూడు. ఈసారి నడిమధ్యన, జాడీ మూత కింద ఇమిడిపోయేటట్టు. లామార్ కాగితం తెచ్చి ఇచ్చి, తిట్లు పడ్డవాడిలా కాకుండా లాటరీ తగిలినవాడిలా నవ్వాడు. పాపం, నిన్న రాత్రి అతనికీ నిద్ర పట్టలేదట.

ఆ రాత్రి డెల్మా మూడు నెలల తర్వాత ఒళ్లెరగకుండా పడుకుంది.

సోమవారం తెల్లవారుతుండగా పొలం గట్టున కూర్చుంది. మంచు విడుతుంటే పందులు వచ్చాయి. ముందు పెద్ద ఆడపంది, వెనక మంద. అది మొదటి సాలులో మూతి పెట్టగానే కాల్చింది. మిగిలినవి ఎటు పరిగెత్తాలో తేల్చుకునేలోపు ఇంకో రెండు పడ్డాయి. దారి చూపే పెద్దది లేకపోయాక మిగతావి అడవిలోకి పడ్డ పరుగు మళ్లీ ఆగలేదు. ఇంటికొచ్చి కాఫీ పోసుకుంది, రోజూలా నాలుగు కప్పులు కాదు, ఒక్కటే. కప్పు సాసర్ మీద చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

పదింటికి కంపెనీ మనిషి కాగితాలు, పెన్ను పట్టుకుని వచ్చాడు. డెల్మా అతన్ని వరండాలో కూర్చోబెట్టి ఉడికించిన వేరుశెనక్కాయలు గిన్నెతో ముందు పెట్టింది.

"ఇవి పోయినేటివి బాబూ. వచ్చే ఏడు మళ్లీ రా, ఈ ఏటివి పెడతాను. ఆ పెన్ను జేబులో పెట్టుకో."

పది రోజులకి సాళ్లు సాళ్లుగా మొలక లేచింది.

ఆ శనివారం లామార్ పుట్టినరోజు. ఇమోజీన్ కొట్టులో కేకు చెప్పబోతుంటే డెల్మా ఆపింది. అందరూ చేరాక కేకు మూత తీశారు. పేరు ఒక్కటే ఉండాల్సిన చోట మూడు వరసల రాత ఉంది. లామార్ కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు: "రెండు కాళ్లూ ఒకే పడవలో పెట్టు లామారూ. ప్రేమతో నీ వదిన."

ఇల్లంతా గొల్లుమంది. ఇమోజీన్ మాత్రం నవ్వలేదు. ఆమె ఆ మూడు వరసలనీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలితో తాకకుండా తడుముతున్నట్టు చూసింది. ఎక్కడా ఒక్క వంకర లేదు. బల్ల కింద నుంచి డెల్మా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"ఏప్రిల్ నుంచి నాకు భయంగానే ఉందక్కా," అంది మెల్లిగా.

"నాకూను," అంది డెల్మా. "కొయ్యి, కొయ్యి. మళ్లీ రాస్తాలే."