మైలగాడు నేర్చుకున్న ఇంగ్లీషు మాట

యాడికి అనే ఊరి దగ్గరి పల్లెలో చెన్నప్పకు గొంతే ఆస్తి. బండలాగుడు పోటీల్లో ఎద్దుల వెనక ఆయన కేక వేస్తే ఊరవతలి కళ్లాల దాకా వినపడేది. చర్నాకోల మాత్రం ముట్టడు. "కొడితే కాళ్లు లాగుతాయప్పా, పిలిస్తే గుండె లాగుతాది" అనేవాడు. కరువు ముదిరిన ఏడు గుడిసె కప్పు మీది బోదగడ్డి పీకి ఎద్దులకు వేసిన మనిషి.

ఎదురింట్లో అద్దెకుండే సైన్సు మాస్టరు జయరాం. ఆయన పాపకు అప్పుడే నడక వస్తోంది. మోకాళ్లు వణుకుతూ అది వాకిట్లో నిలబడితే, ఎక్కడ పడి తల పగులుతుందోనని లోపల బెదురుతూనే, జయరాం చేతులు చాచి "కమాన్! కమాన్!" అనేవాడు.

"యేంది సార్ అది? రా అనేనా?" అని ఒకరోజు అడిగాడు చెన్నప్ప.

"రా అనే, అన్నా. కానీ ఊరికే పిలవడం కాదు. ఇంక చేతకాదని ఆగిపోయేవాళ్లకు, నీవల్ల అవుతుంది, ఇంకొంచెం అని చెప్పడం."

"అట్లయితే దినామూ అనేది కాదు సార్. మొద్దుబారుతాది."

చెన్నప్ప తన బూడిదరంగు ఎద్దు మైలగాడికి ఆ మాట అలవాటు చేశాడు. బండ కదలక మొరాయించినప్పుడు మాత్రమే చెవి దగ్గర "కమాన్రా నాయనా!" అనేవాడు. కదిలిస్తే బెల్లం ముక్క. కొన్నాళ్లకు ఆ కేక వింటే చాలు, ఎద్దు మెడ వంచి కళ్లు మూసుకుని లాగేది. ఊరంతా ఆ కేక నేర్చుకుంది.

ఉగాది పోటీకి జయరాం పాపను భుజాల మీద ఎక్కించుకుని వెళ్లాడు. చెన్నప్ప జత అందరికంటే ముందుంది. చివరి మలుపులో మైలగాడి ముందుకాలు వణికింది. ముక్కులోంచి నెత్తుటి నురగ వచ్చింది. చెన్నప్ప కేక ఆపేశాడు.

"చాలు, కాడి ఇప్పండి!"

అప్పుడే జనంలోంచి ఎవరో "కమాన్!" అన్నారు. ఎద్దు మెడ వంచింది. అది చూసి మైదానమంతా ఒక్క గొంతయింది.

"నోర్లు ముయ్యండ్రా! సచ్చిపోతాదిరా!"

చెన్నప్ప గొంతు మొదటిసారి ఎవరికీ వినపడలేదు. ఆయన ఎద్దుకు ఎదురుగా ఉరికి రెండు చేతులతో దాని చెవులు మూశాడు. అది ఆయన్ను తోసుకుంటూనే ఇంకొంత దూరం లాగి, మోకాళ్ల మీద కూలింది. చెన్నప్ప కూడా దానితోపాటే కూలబడ్డాడు.

జయరాం భుజాల మీద పాప చప్పట్లు కొడుతూ అరుస్తోంది. దాని నోరు మూయాలని చెయ్యి ఎత్తాక గానీ తెలియలేదు, అప్పటిదాకా తనూ అరుస్తూనే ఉన్నాడని.

పోటీ పెట్టిన పెద్దన్న మైకులో, "గెలిచినావప్పో చెన్నప్పా! లెయ్!" అన్నాడు.

చెన్నప్ప లేవలేదు. ఎద్దు చెవుల మీది చేతులు తీయలేదు. జయరాం పాపను దించి, దగ్గరికి పోయి వంగి చూశాడు.

"అన్నా... ఊపిరి లేదు. చేతులు తియ్యి."

"తెలుసు సార్" అన్నాడు చెన్నప్ప. "వాళ్లు ఇంకా అరుస్తాండారు. ఇనపడితే మళ్ల లేస్తాదేమో."