సుయ్‌మనే మోత ఆగిన రోజు

నేను సొంతంగా చేసుకున్న ట్యూబ్ గిటార్ ఆంప్లిఫైయర్‌లో కొన్నాళ్లుగా సుయ్‌మని ఒకటే మోత. గిటార్ ముట్టుకోకపోయినా ఆగేది కాదు. ఈ రోజు సెలవు కదా, కోరుట్లలోని నా అద్దె గదిలో పొద్దున్నుంచీ దాని ముందే కూర్చున్నాను. ట్యూబులు ఒక్కొక్కటే మార్చి చూశాను, వాటి తప్పేమీ లేదు. చివరికి అసలు దొంగ మొదటి ట్యూబు పక్కనున్న రెసిస్టర్ అని తేలింది. దాన్ని ఏదో పాత రేడియోలోంచి పీకి పెట్టింది నేనే. కొత్తది వేయగానే మోత ఆగిపోయింది. నా గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఈ ఘనకార్యం చెప్పుకుందామంటే ఎవరూ లేరు.

సాయంత్రం గోడ అవతలి నుంచి రాజక్క పిలిచింది. ఆమె భర్త దుబాయిలో ఉంటాడు. ఆమె ఒక్కతే కూర్చుని బీడీలు చేసుకుంటుంది.

"తమ్మీ, ఇంట్లనే ఉన్నవా? ఇయ్యాల సప్పుడే లేదు?"

"ఉన్న అక్కా. గా మోత బంద్ చేసిన. ఇన్ని దినాలు మిమ్ముల మస్తు సతాయించింది గదా?"

"అయ్యో, ఎందుకు బంద్ చేసినవ్? నాకు వాన పడ్తున్నట్టే ఉంటుండె. పక్కన మనిషి ఉన్నడని బీడీలు చేసుకుంట కూసుంటుంటి."

నా గిటార్ గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు! ఇన్నాళ్లకు నాకూ ఒక శ్రోత ఉందని తెలిసింది, అదీ నా వాయింపుకు కాదు.

లోపలికి వచ్చి పాత రెసిస్టర్‌నే మళ్లీ అతికించి ఆంప్లిఫైయర్ ఆన్ చేశాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. ఇక్కడైతే వాన పడుతోంది, గోడ అవతల బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.