కంసాలి దొర బొత్తాం

కూర్మయ్య చేతులు రాయిని తడుముతున్నాయి. పాలరాతి పలక షెడ్డులో చెక్క దిమ్మెల మీద వెల్లకిలా పడి ఉంది. నీళ్ళు పోసి మెత్తటి బ్రష్షుతో రుద్దుతుంటే నాచు నల్లగా కారిపోతోంది. టార్చిలైటును పలక పక్కగా, వాలుగా పెట్టాడు. లైటు ఎదురుగా పెడితే అరిగిన అక్షరం కనపడదు. పక్క నుంచి పడితే గాడిలో నీడ నిలుస్తుంది. ఆ నీడను పట్టుకునే ఉలి నడపాలి.

ఆ పలక సుంగై సిపుట్ ఊరి అవతల, రబ్బరు తోట చివరనున్న పాత దొరల శ్మశానం నుంచి వచ్చింది. చెట్టు వేరు లేపేస్తే పడి రెండు ముక్కలైంది. దాన్ని అతికించి, అక్షరాలు మళ్ళీ చెక్కమని తెచ్చింది లోగేశ్వరి. ఇపో పట్నంలో టీచరు. పాత సమాధులు బాగుచేయించే సంఘంలో తిరుగుతుంటుంది. తల్లి తెలుగు, తండ్రి తమిళం కావడంతో ఆమె తెలుగు తడుముకుంటూ నడుస్తుంది, మాట చివర అక్కడి వాళ్ళ అలవాటుగా 'లా' తగులుతుంది.

కూర్మయ్య పుట్టింది తోట కూలీలుండే లైన్లలో. చదువు తొందరగానే ఆగిపోయింది. చీనావాడి సమాధిరాళ్ళ దుకాణంలో దుమ్ము ఊడవడానికి చేరి, ముసలి యజమాని ఉలి పట్టుకునే తీరు చూసి చూసి పని పట్టుకున్నాడు. చీనా అక్షరాలు చెక్కాడు, ఇంగ్లీషువి చెక్కాడు, అరవవి చెక్కాడు. ఏదీ మాటగా కూడబలుక్కుని చదవలేదు. గీత ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అన్నదే అతనికి కావాలి. ఏం రాసి ఉందని ఎవరినీ అడగలేదు. పనివాడికి మాటలతో ఏం పని అనుకునేవాడు.

ఇవాళ అడగక తప్పలేదు. ఒక అక్షరం కింది భాగం పూర్తిగా అరిగిపోయింది.

"సీ, ఓ, ఎన్, ఎస్, తరవాతది వీనా, యూనా? చివర ఎల్. ఇదేటి మాటమ్మా?"

"యూ, అంకుల్. కాన్సల్."

"అంటే?"

"అమెరికా దేశం తరపున ఇక్కడ ఉండే ఆఫీసర్ లా. పేరు ఎల్డన్ ప్రాథర్. ముందు చీనా రేవుల్లో చేసినాడు, తరవాత పినాంగు. అప్పుడు అమెరికాలో కార్లు పెరిగి టైర్లకి రబ్బరు కావాలి కదా? తోటలు తిరిగి, ముక్కలు తూచి, అద్దం పెట్టి చూసి, సరుకు ఎలా ఉందో వాళ్ళ దేశానికి రాసి పంపేవాడు. పెళ్ళాం బిడ్డలు అక్కడే. ఇంటికి పోతానని అడిగితే పంపలేదు. ఇక్కడ తోటకి వచ్చినప్పుడు జ్వరంతో పోయినాడు. ఇప్పుడు మునిమనవరాలు అడిగితేనే ఈ పని."

కూర్మయ్య చేతిలో బ్రష్షు ఆగింది.

"కాన్సలు దొర," అన్నాడు నెమ్మదిగా. మళ్ళీ అన్నాడు. మూడోసారి అనేటప్పటికి మాట దానంతట అదే తిరిగి, చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్న మాటైపోయింది.

"కంసాలి దొర!"

కూర్మయ్య తాత అప్పలసామి కుర్రతనంలో ఆ తోట బంగళాలో నీళ్ళు మోసేవాడు. జ్వరంతో పడి ఉన్న తెల్లవాడికి కడదాకా నుదుటి మీద తడిగుడ్డ వేసింది అతనే. లైన్లలో వాళ్ళు ఆ తెల్లవాణ్ణి కంసాలి దొర అన్నారు. బంగళాలో ఎవరో అన్న మాట వాళ్ళ చెవిన అలాగే పడింది. పైగా ఆయన దగ్గర చిన్న తరాజు ఉంది, భూతద్దం ఉంది. కంసాలి కాకపోతే అవెందుకు?

అక్కణ్ణుంచి పట్టుకుంది శని. కంసాలి దొర దగ్గర చేసినవాడికి బంగారం దక్కకుండా ఉంటుందా? అప్పలసామి బతికినన్నాళ్ళూ నవ్వేవాడు. "బంగారం నేదు, గింగారం నేదు. పోయేముందు నా సెయ్యి పట్టుకున్నాడు, అంతే," అనేవాడు. ముసలితనంలో దూరాన సుంగై సుమున్‌లో ఉన్న ఆఖరి కూతురు దేవుడమ్మ దగ్గర చేరి, అక్కడే కన్ను మూశాడు.

పెద్దకర్మ నాడు కూర్మయ్య తండ్రి తన చెల్లెల్ని నిలదీశాడు. "అయ్య దగ్గరున్నది ఏదీ?" దేవుడమ్మ కొంగు ముడి విప్పి ఒక ఇత్తడి బొత్తాం చూపించింది. దొర కోటుది. అయ్యకు ఆయన ఇచ్చింది అదొక్కటే. అది బంగారంలా తళతళలాడడమే ఆవిడకు ముప్పు అయింది.

"కోటుకి ఒకటే బొత్తాం ఉంటాదేటే? మిగతాయి ఏవీ?" అన్నాడు అన్న.

అంతే, ఆ రోజుతో అన్నాచెల్లెళ్ళకు మాటలు లేవు. ఆమె కూతురి పెళ్ళికి వీళ్ళు వెళ్ళలేదు. తండ్రి పోయినప్పుడు కూర్మయ్య అత్తకు కబురు పంపలేదు. ఆవిడ ఎవరి ద్వారానో విని, దినవారాలు అయిపోయాక వచ్చి, గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోయింది.

కానీ ఇవాళ షెడ్డులో కూర్మయ్యను కూలదోసింది అది కాదు. ఆ గొడవ జరిగాక, తండ్రి బతికుండగానే, తను ముసలి యజమానితో కలిసి ఆ శ్మశానంలో రాళ్ళన్నిటికీ రంగు వేశాడు. ఈ పలకకూ వేశాడు. ఈ ఆరు అక్షరాల్లో సన్నటి కుంచె తనే నడిపాడు. ఏం మాట అని అప్పుడు ఒక్కరిని అడిగి ఉంటే, ఆ సాయంత్రమే ఇంటికి పోయి తండ్రికి చెప్పేవాడు. అడగలేదు. రంగు గాడి దాటకుండా వేసినందుకు యజమాని మెచ్చుకుంటే, ఆ సంబరంతో ఇంటికి పోయాడు.

పలకను స్టీలు ఊచలు పెట్టి అతికించాడు. అక్షరాలన్నీ చెక్కాడు. అత్త ఒక్కతే మిగిలింది. ఈ మాట ఆవిడ చెవిన పడకుండా ఆవిడా పోతే, దొంగ అనే పేరు మోస్తూనే పోతుంది. పని అప్పగించే రోజు పొద్దున్నే వ్యాను తీసుకుని సుంగై సుమున్ వెళ్ళాడు.

దేవుడమ్మ వాకిట్లో కొబ్బరి ఈనెలు చీరుతోంది. తలెత్తి చూసింది.

"ఎవుల్రా? కూర్మిగాడివా? బొత్తాలు లెక్కెట్టడానికి వచ్చినావేటి?"

"అత్తా, ఒకపాలి నాతో రా."

"మీ ఇంటి గడప తొక్కనని ఒట్టెట్టుకున్నాను."

"ఇంటికి కాదు. శ్మశానానికి."

ఆవిడ ఈనె పక్కన పెట్టింది. "అక్కడికైతే వస్తాను. ఎలాగూ ఎల్లాల్సిందే కదా," అని లేచింది.

దారిలో చెప్పాడు. కంసాలి కాదత్తా, కాన్సలు. బంగారం పని కాదు, దొరతనం పని. తూచింది రబ్బరు. ఆవిడ కిటికీలోంచి పామాయిల్ చెట్లను చూస్తూ కూర్చుంది. "మనోళ్ళకి మాట తిరగనేదు. అంతేనన్నమాట," అంది.

శ్మశానంలో పలక అప్పటికే నిలబెట్టి ఉంది. లోగేశ్వరి ఎదురొచ్చి అత్తను చెయ్యి పట్టి నడిపించింది. అక్షరాలన్నిటికీ నల్లరంగు పడింది. ఆ ఒక్క మాటకే కూర్మయ్య రంగు వేయకుండా ఉంచాడు.

"ఏదిరా కంసాలి?"

అతను అత్త వేలు పట్టి గాడిలో పెట్టాడు. ఆరు అక్షరాలూ ఆ వేలితోనే నడిపించాడు. ఎల్ మూల దగ్గర వేలు ఆగింది.

"ఈ పాటి దానికి," అంది దేవుడమ్మ. "మా అన్న నా మొకం సూడకుండా ఎల్లిపోనాడు."

కూర్మయ్య వంగి గాడిలోని దుమ్ము ఊదాడు.

లోగేశ్వరి చిన్న డబ్బా తీసింది. "అంకుల్, ఈ మాటకి గోల్డ్ పెయింట్ వేద్దామా? అందంగా ఉంటుంది లా."

"ఒద్దమ్మా!" దేవుడమ్మ గట్టిగా అంది. "బంగారం రంగు ఎయ్యకండి. మళ్ళీ ఎవులో వచ్చి మిగతాది ఏదని అడుగుతారు."

లోగేశ్వరికి అర్థం కాలేదు గానీ నవ్వింది. కూర్మయ్య ఆమె డబ్బాను పక్కకు జరిపాడు. నల్లరంగు డబ్బా మూత తీసి రాయి ముందు కూర్చున్నాడు. వెనక నుంచి అత్త చెయ్యి చాపింది. అరచేతిలో ఇత్తడి బొత్తాం ఉంది.

"పట్టుకెళ్ళి మీ అయ్య ఫొటో కాడ ఎట్టు. మిగతాయి నేవని సెప్పు."

బొత్తాం జేబులో వేసుకున్నాడు. కుంచె ముంచి, అంచుకు నొక్కి, సీ దగ్గర మొదలుపెట్టాడు. యూ కింది వంపు నిండింది. ఎల్ మూల నిండింది. గాడి దాటిన చుక్కను గుడ్డ కొసతో తుడిచి, లేచి రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"అయిపోయిందమ్మా. సాయంత్రం దాకా ముట్టుకోకండి," అని పలక ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.