దారం కట్టేలోపు ఒక వరుస

మా మనుమరాలు కరీంనగర్‌ల కాలేజీ చదువుతున్నది. కవిత్వం నేర్చుకుంటనని ఈమధ్య ఫోన్‌ల ఏదో క్లాసుల చేరింది. పొద్దుగాలనే వాళ్ల మేడం ఒక అభ్యాసం పంపుతది. నిన్నటిది ఏందంటే, ఇంట్ల ఏదన్న వస్తువు చేతిల పట్టుకోవాలె, దాని పేరు తీయకుండ నాలుగు వరుసలు రాయాలె. సెలవులకు నా దగ్గరికి వచ్చిన పిల్ల గంటె పట్టుకొని కూసున్నది. చాయ చల్లారింది, వరుస మాత్రం రాలే. "అమ్మమ్మా, నవ్వకు. గిది మస్తు కష్టం" అన్నది. నేను నవ్వింది పిల్లను చూసి కాదు. ఆ పాఠం నాకు ఎన్నడో అయింది, అదీ బీడీల చేట ముందర.

చెప్పింది మా మేనత్త, బాపు చెల్లె. ఒడిల చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించుకుంట, తంబాకు ఘాటుకు తుమ్ముకుంట వరుసలు కట్టేది. నేను పక్కన కూసోని చుట్టేదాన్ని. ఆకు మలవంగ మాట మొదలుపెట్టాలె, దారం కట్టంగనే అయిపోవాలె, గదీ ఆమె లెక్క. మాట సాగదీస్తే చేతిల ఆకు ఎండి పగిలేది, నెత్తి మీద ఒక మొట్టికాయ పడేది. ఒకసారి వాకిట్ల కోడిని చూపిచ్చి చెప్పుమన్నది. "పొద్దుగాల కూస్తది" అన్న. "అది కోడికి గూడ ఎరుకే. కొత్తది చెప్పు" అన్నది.

నాకు సంబంధం ఆదిలాబాద్ దిక్కు, పత్తి పండించేటోళ్ల ఇంట్ల కుదిరింది. అక్కడ కొత్త కోడలు గడప దాటాలంటే మొగని పేరు ఒక వరుసల కలిపి చెప్పాలె. మరాఠోళ్ల దగ్గరినుంచి వచ్చిన అలవాటంటరు. మా బాపుకు ఇంకో పరేషాన్. మా పిల్ల బీడీలు చుట్టదని వాళ్లకు గొప్పకు చెప్పి వచ్చిండు. "అక్కడ బీడీల ముచ్చట తీయకు బిడ్డా" అని నాకు పదిసార్లు చెప్పిండు. నేను మేనత్త కొంగు పట్టుకొని, ఒక వరుస కట్టియ్యుమని ఏడ్సిన. ఆమె ఇయ్యలే. "నేనిచ్చింది భయానికి మర్సిపోతవు. నువ్వు కట్టుకున్నదైతే మల్ల కట్టుకుంటవు" అన్నది.

అక్కడ గడప ముందర చిన్న ఆడబిడ్డ రెండు చేతులు అడ్డం పెట్టింది. నా చేతిల ఇంత పత్తి పెట్టి, "దీనితోని మా అన్న పేరు చెప్పు వదినె, లేకుంటే గిక్కడ్నే ఉండు" అన్నది. తొవ్వ పొడుగునా అనుకొని వచ్చిన వరుసంత ఎటో పోయింది. నాకు తెల్వకుండనే వేళ్లు ఆ పత్తిని ఆకు లెక్క మలువవట్టినయి. ఒక ముసలామె చూసి, "అగో, కొత్త కోడలు బీడీ చుట్టవట్టె!" అన్నది. పందిరంత నవ్వింది. బాపు తల కిందికేసిండు. ఇగ దాచేదేమున్నది? చుట్టుడు ఆపకుండనే నోరు తెరిచిన.

"వానల తడిస్తే బరువు, వాకిట్ల ఆరితే పరువు,
ఫలానా ఆయనకు నేను తోడు, ఇడువుండ్రి గడప జర మీరు!"

ఫలానా అన్నకాడ ఆయన పేరు చెప్పిన. ఆ ఒక్క పూట తప్ప మల్ల ఎన్నడు ఆ పేరు నోట తీయలే, ఇక్కడ గూడ రాయ. మా అత్త కడుపు పట్టుకొని నవ్వి, "బీడీలు చుట్టే చెయ్యా! ఇగ దీపం వత్తులకు నాకు ఫికర్ లేదు, రా బిడ్డా" అని ఆడబిడ్డ చేతులు పక్కకు జరిపింది. బాపు ఆ పూట అడిగి మరీ మారు అన్నం పెట్టించుకున్నడు.

కొన్నాళ్లకు ఆ ఆడబిడ్డకు గూడ పెండ్లి కుదిరింది. పత్తి పట్టుకొని నా పక్కకు వచ్చి కూసున్నది. "వదినె, నాకు గూడ నేర్పవా?" వత్తి ఒత్తుడు మొదలుపెట్టంగ మాట మొదలు, కొస నులిమేలోపు అయిపోవాలె అన్న. "పత్తి తెల్లగుంటది" అన్నది. "అది పత్తికి గూడ ఎరుకే" అన్న. అచ్చం మా మేనత్త గొంతే వచ్చింది నాకు.

ఆ మేనత్త లేదు, అత్త లేదు, పోయినేడు ఆడబిడ్డ గూడ పోయింది. ఇప్పుడు ఎవరింట్లకన్న సీదా లోపలికి పోతున్న. అడ్డం నిలవడి పేరు చెప్పుమనేటంత చిన్నపిల్లగ నన్ను చూసేటోళ్లు ఎవ్వరు మిగలలే.